ఇద్దరు నటులు, ఒక జైలు గది: 'ద ఐలాండ్' నాటకానికి విద్యార్థి దర్శకులు ఎలా సిద్ధం కావాలి?

రాజకీయ నాటకం అనగానే మన విద్యార్థి దర్శకులు ముందు ఎర్ర లైటు కోసం వెతుకుతారు. తర్వాత నినాదాల రికార్డింగు, ఆ తర్వాత సంకెళ్లు. చివరికి నటుడు ఎదుట ఉన్న పాత్రను గాలికి వదిలేసి, వేదిక అంచుకు వచ్చి, ప్రేక్షకుల వైపు తిరిగి పిడికిలి బిగిస్తాడు. చప్పట్లు పడతాయి. నాటకం మాత్రం అక్కడే చచ్చిపోతుంది. ఇలాంటి ప్రదర్శనలు చూసీ చూసీ విసిగిపోయి రాస్తున్నాను ఇది.

గాలిలో సిద్ధాంతాలు చెబితే ఎవరికీ అంటవు కాబట్టి ఒక నాటకాన్ని పట్టుకుని చెబుతాను: 'ద ఐలాండ్'. దక్షిణాఫ్రికా రచయిత ఏథల్ ఫ్యూగార్డ్, నల్లజాతి నటులు జాన్ కానీ, విన్‌స్టన్ ఎన్‌షోనా ముగ్గురూ కలిసి తయారుచేసిన నాటకం. 1973 జులైలో కేప్‌టౌన్‌లోని 'ద స్పేస్' అనే చిన్న రంగశాలలో మొదటిసారి ఆడారు. వర్ణవివక్ష ప్రభుత్వం కింద రాబెన్ ద్వీపం జైలు ఊసెత్తడమే నేరమైన రోజులవి. అందుకే అప్పటికి ఈ పేరు పెట్టలేదు, 'డీ హొడోషే స్పాన్' (హొడోషే అనే కావలివాడి కింద పనిచేసే ఖైదీల గుంపు) అన్నారు. రెండే పాత్రలు, నాలుగు దృశ్యాలు. సెట్టు ఖర్చు దాదాపు ఉండదు. కాలేజీలో చేయడానికి ఇంతకంటే అనువైన రాజకీయ నాటకం నాకు తెలియదు. ఇంతకంటే తేలిగ్గా పాడుచేయగలిగేదీ తెలియదు.

కథ తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. జాన్, విన్‌స్టన్ అనే ఇద్దరు ఖైదీలు ఒకే గదిలో ఉంటారు. నిషేధిత సంస్థలో ఉన్నందుకు జాన్‌కు పదేళ్లు, నల్లవాళ్లు వెంట ఉంచుకోవాల్సిన గుర్తింపు పుస్తకాన్ని, అంటే పాస్‌బుక్కును, తగలబెట్టినందుకు విన్‌స్టన్‌కు యావజ్జీవం. జైలు కచేరీలో ఆడటానికి 'యాంటిగనీ' అనే ప్రాచీన గ్రీకు నాటకంలోని విచారణ ఘట్టాన్ని సాధన చేస్తుంటారు. శిక్ష వేసే రాజు క్రియాన్‌గా జాన్, రాజాజ్ఞను ధిక్కరించి సోదరుడికి అంత్యక్రియలు చేసిన యువతి యాంటిగనీగా విన్‌స్టన్. మధ్యలో ఒక కబురు వస్తుంది: జాన్ అప్పీలు నెగ్గింది, పదేళ్లు మూడేళ్లకు తగ్గాయి, ఇక మూడు నెలల్లో ఇంటికి. ఆఖరి దృశ్యంలో ఇద్దరూ ఆ నాటకం ఆడతారు.

మొదటి పని: అనుమతులు, సామాను

ఇది తొందరగా ముగించండి. ఫ్యూగార్డ్ 2025 మార్చిలో మరణించారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి కాబట్టి పాత నాటకమే కదా అని ధైర్యం చేయకండి. విద్యాసంస్థలో విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రుల మధ్య జరిగే ప్రదర్శనకు అదే చట్టం సెక్షన్ 52లో కొంత వెసులుబాటు ఇచ్చింది. టికెట్టు పెట్టినా, బయటి హాలుకు వెళ్లినా, నాటక పరిషత్తు పోటీలకు పంపినా హక్కుదారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాల్సిందే. తెలుగులోకి మీరే అనువదించుకుంటే ఆ సంగతి కూడా ఆ ఉత్తరంలోనే రాయండి. కాలేజీ నుంచి అనుమతి అడిగేటప్పుడు కథాసారం ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. 'స్నేహం గొప్పతనం గురించి' అని రాసి ఇచ్చి, ప్రదర్శన ముందు రోజు దొరికిపోయే తెలివి వద్దు.

సామాను: రెండు దుప్పట్లు, రెండు చాపలు, ఒక బకెట్టు, రెండు రేకు మగ్గులు, ఒక ఈల. నేల మీద గది కొలత గీయడానికి సుద్దముక్క. దర్శకుడికి స్క్రిప్టు ప్రతి పేజీకి ఎదురుగా ఒక తెల్ల కాగితం పెట్టి కుట్టించిన పుస్తకం, పెన్సిలు, రబ్బరు. పెన్ను నిషేధం. ఫోనులో నోట్సు రాసుకునే దర్శకులను నేను దర్శకులుగా లెక్కపెట్టను.

రెండో పని: చరిత్ర చదవడం, చదివి పక్కన పెట్టడం

వారం రోజులు చాలు. పాస్‌బుక్కు అంటే ఏమిటో మీకూ, మీ ఇద్దరు నటులకూ కడుపులో తెలియాలి. 1952 నాటి చట్టంతో 16 ఏళ్లు దాటిన ప్రతి ఆఫ్రికన్ దాన్ని వెంట ఉంచుకోవాల్సి వచ్చింది. ఎక్కడ ఉండవచ్చో, ఎక్కడ పని చేయవచ్చో ఆ పుస్తకమే చెబుతుంది. దానికి నిరసనగా 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసు స్టేషను ముందు చేరిన జనం మీద కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారం 69 మంది చనిపోయారు. విన్‌స్టన్ తగలబెట్టింది అలాంటి పుస్తకం. ఆ చట్టాలు పోవడానికి 1986 దాకా పట్టింది.

రాబెన్ ద్వీపం కేప్‌టౌన్ సముద్ర తీరానికి దాదాపు 7 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఖైదీల్లో తెల్లవాళ్లు లేరు, కావలివాళ్లు తెల్లవాళ్లు. నెల్సన్ మండేలా తన 27 ఏళ్ల జైలు జీవితంలో 18 ఏళ్లు అక్కడే గడిపారు. అక్కడి ఖైదీలు ఆడిన 'యాంటిగనీ'లో ఆయన క్రియాన్ వేషం కూడా వేశారు. ఫ్యూగార్డ్‌తో పనిచేసిన సర్పెంట్ ప్లేయర్స్ అనే నాటక బృందం నుంచి జైలుకు వెళ్లిన ఒక నటుడు అదే గ్రీకు నాటకాన్ని గుర్తున్నంత మేరకు కుదించి జైలు కచేరీలో ఆడారు. ఈ నాటకానికి విత్తనం అక్కడిదే. ఇంకో సంగతి కూడా మీ నటులకు చెప్పండి. నల్లవాడికి 'నటుడు' అనే ఉద్యోగాన్ని ఆ ప్రభుత్వం గుర్తించదు కాబట్టి జాన్ కానీ, విన్‌స్టన్ ఎన్‌షోనా ఇద్దరూ కాగితాల మీద ఫ్యూగార్డ్ ఇంటి పనివాళ్లు. ఆ పనివాళ్లే 1975లో న్యూయార్క్‌లో రంగస్థలానికి ఇచ్చే టోనీ పురస్కారాన్ని ఉత్తమ నటులుగా పంచుకున్నారు.

ఇంతే. దీనిలో ఒక్క ముక్కా వేదిక మీద చెప్పకండి. తెర లేవకముందు దక్షిణాఫ్రికా చరిత్రను గంభీరమైన గొంతుతో వినిపించడం, వెనక తెర మీద మండేలా ఫొటో వేయడం రెండూ నిషేధం. ప్రేక్షకుడికి అర్థం కాదేమోనన్న భయం దర్శకుడిదే, ప్రేక్షకుడిది కాదు.

ఇంకొక నిషేధం. కథను తెచ్చి మన జైల్లో పెట్టి, జాన్‌ను జానయ్యగా మార్చకండి. 'మన నేటివిటీ' అనే పేరుతో ఇది చాలామంది చేస్తారు. పాస్‌బుక్కు తీసేసి ఆధార్ కార్డు పెట్టిన మరుక్షణం ప్రేక్షకుడు పోలిక సరిపోయిందా లేదా అని లెక్కలు వేసుకుంటాడు. పరాయి దేశం కథగానే ఉంచితే తన ఊరి సంగతులు తనే తెచ్చి నింపుకుంటాడు. ఆ పని అతనికి వదిలేయండి. అలాగని నటులకు ముఖాన నల్లరంగు పూశారో, ఇక మీ నాటకం చూడటానికి నేను రాను.

మూడో పని: ఎవరి నుంచి ఎవరికి ఏం కావాలి?

ఇక్కడే అందరూ బోర్లా పడతారు. కాబట్టి తీరిగ్గా చెబుతాను, మీరూ తీరిగ్గా చదవండి.

రిహార్సలు మొదలుకాకముందే దర్శకుడు ఒంటరిగా కూర్చుని స్క్రిప్టు మొత్తాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టాలి. ఒక పాత్ర కోరుకునేది మారిన ప్రతి చోటా పెన్సిలుతో అడ్డగీత. సంభాషణ విషయం మారితే గీత కాదు, కోరిక మారితేనే గీత. ప్రతి ముక్కకూ ఎదుటి తెల్ల కాగితం మీద మూడు సంగతులు రాయాలి: జాన్‌కు విన్‌స్టన్ నుంచి ఏం కావాలి, విన్‌స్టన్‌కు జాన్ నుంచి ఏం కావాలి, అది రాబట్టుకోవడానికి ఒకరు మరొకరిని ఏం చేస్తున్నారు.

మూడోది రాసేటప్పుడే కలం దారి తప్పుతుంది. 'ఆవేదన వ్యక్తం చేస్తాడు', 'వ్యవస్థ మీద తిరగబడతాడు', 'అణచివేతను ప్రశ్నిస్తాడు' అని రాస్తారు. ఇవి పత్రికలో సమీక్షకు పనికొస్తాయి. నటుడికి మాత్రం వీటితో చేయడానికి పని ఏమీ ఉండదు. వ్యవస్థ ఆ గదిలో లేదు. ఉన్నది ఇంకొక మనిషి. కాబట్టి ఆ మనిషికి తగిలే మాట రాయండి: బుజ్జగిస్తాడు, ఊరిస్తాడు, గుచ్చుతాడు, తప్పించుకుంటాడు, దారికి తెస్తాడు, నోరు మూయిస్తాడు, క్షమించమని అడగకుండానే అడుగుతాడు. ఎదుటివాడు దానికి 'అబ్బా' అనో, 'పోరా' అనో, 'సరేలే' అనో బదులివ్వగలిగితే మీరు రాసింది సరైనది. బదులు రాకపోతే కొట్టేసి మళ్లీ రాయండి. రబ్బరు అందుకే తెమ్మన్నాను.

ఒక ముక్కను దగ్గరగా చూద్దాం. జాన్ తయారుచేసిన విగ్గు, దొంగ రొమ్ములు తగిలించుకుని విన్‌స్టన్ యాంటిగనీగా నిలబడతాడు. జాన్ పడీ పడీ నవ్వుతాడు. విన్‌స్టన్ అవన్నీ పీకి పారేసి, ఈ వేషం నేను వేయనంటాడు. సాధారణంగా విద్యార్థి దర్శకుడు ఈ చోట 'హాస్యం' అని రాసుకుంటాడు. హాల్లో ఈలలు పడతాయి, అతను తృప్తి పడతాడు. నా పుస్తకంలో ఇలా ఉంటుంది. విన్‌స్టన్‌కు కావలసింది: జాన్ నవ్వకుండా ఒక్కసారి తనవైపు చూడాలి. జాన్‌కు కావలసింది: విన్‌స్టన్ ఇప్పుడే నవ్వుకు అలవాటు పడిపోవాలి, ఎందుకంటే కచేరీ రోజున కావలివాళ్లు, తోటి ఖైదీలు ఇంతకంటే ఘోరంగా నవ్వుతారు. జాన్ చేస్తున్నది: నవ్వి నవ్వి విన్‌స్టన్ తోలు మందం చేయడం. అప్పుడు ఆ నవ్వులో ప్రేమా ఉంటుంది, క్రూరత్వమూ ఉంటుంది. జాన్ వాదన ఒక్కటే: మొదట నవ్వినవాళ్లే చివరికి వింటారు. ప్రేక్షకులు ఇక్కడ నిజంగా నవ్వకపోతే ఆఖరి దృశ్యంలో వాళ్ల నవ్వు ఆగిపోవడం అనేది జరగదు. కాబట్టి ఈ నవ్వును మర్యాదకు తగ్గించకండి, వెకిలితనానికీ పోనివ్వకండి. విన్‌స్టన్ వేసే నటుడు నవ్వించడానికి ప్రయత్నించకూడదు. అతనికి నిజంగా అవమానం కావాలి. హాస్యం పుట్టేది అతని సిగ్గులోంచే.

ఇది మనకు తెలియని విద్య కాదు. బుర్రకథలో ఉండేది ముగ్గురే. నడుమ కథకుడు, అటు హాస్యం చెప్పే వంత, ఇటు రాజకీయం చెప్పే వంత. 1940లలో ప్రజానాట్యమండలి ఆ కళను ఊరూరా తిప్పినప్పుడు హాస్యాన్ని తీసేసి రాజకీయం మాత్రమే ఉంచలేదు. నవ్విన గొంతులోకే చేదు దిగుతుందని వాళ్లకు తెలుసు. మన కాలేజీ నాటకాల్లోనే ఎందుకో రాజకీయం వంత ఒక్కడే మిగిలి గంటసేపు అరుస్తుంటాడు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ముక్క. విడుదల వార్త వచ్చిన తర్వాత జరిగేది. మొదట ఇద్దరికీ సంబరమే. తర్వాత విన్‌స్టన్ కాలక్షేపం కోసమన్నట్టు ఆట మొదలుపెడతాడు: జాన్ ఎలా బయటికి వెళతాడో, ఇంటికి ఎలా చేరతాడో, స్నేహితులు, మద్యం, ఆడవాళ్లు, అంతా కళ్లకు కట్టినట్టు చెబుతాడు. జాన్ మొదట్లో నవ్వుతాడు. తర్వాత ఆపమంటాడు. విన్‌స్టన్ ఆపడు. ఆట కాస్తా చిత్రహింస అయిపోతుంది.

ఆట ఎక్కడ హింసగా మారింది? ఈ ప్రశ్నకు మీ దగ్గర వాక్యం నంబరుతో సహా జవాబు ఉండాలి. 'క్రమంగా మారుతుంది' అనే జవాబును నేను ఒప్పుకోను. క్రమంగా అని వదిలేస్తే నటుడు మొదటి మాట నుంచే దిగులు గొంతు పెడతాడు, ముగింపు ఏమిటో ప్రేక్షకులకు ముందే అర్థమైపోతుంది. నా పద్ధతి: మొదటి భాగానికి 'జాన్‌కు ఇంటిని బహుమతిగా ఇస్తాడు' అని రాయండి, విన్‌స్టన్ చేత దాన్ని మనస్ఫూర్తిగా ఇప్పించండి. జాన్ కళ్లు ఎక్కడో నిజంగా మెరుస్తాయి. ఆ మెరుపు విన్‌స్టన్ చూడాలి. అక్కడ అడ్డగీత. ఆ తర్వాతి ముక్కకు 'ఇచ్చిన ఇంటిని తిరిగి లాక్కుంటాడు' అని రాయండి. మాటలు అవే, వేగం అదే, గొంతు అదే. కోరిక ఒక్కటే తిరగబడింది. గొంతు పెంచమని నటుడికి చెప్పకండి, పెరగాల్సినప్పుడు అదే పెరుగుతుంది.

ఈ ముక్క మీద ఇంత పట్టుదల ఎందుకంటే నాటకంలోని అసలు రాజకీయం ఇక్కడుంది. కొట్టి, గొలుసులు కట్టి, ఇసుక తవ్వించినా ఆ ప్రభుత్వం వీళ్లిద్దరినీ విడదీయలేకపోయింది. ఒకడికి స్వేచ్ఛ ఇచ్చి విడదీసింది. ఆఖర్లో యాంటిగనీ చెప్పే మాటల్ని నటుడు ఎంత గొప్పగా పలికినా, ఈ రాత్రి సరిగ్గా పండకపోతే అవి వట్టి ఉపన్యాసమే. మన దర్శకులు రిహార్సల్లో సగం రోజులు ఆఖరి ప్రసంగం మీద గడిపి, ఈ దృశ్యాన్ని 'టెంపో పడిపోతోంది' అని కత్తిరిస్తారు. ఏ ముక్కనైనా కత్తిరించండి, దీన్ని ముట్టుకోకండి.

ఈ పుస్తకం పూర్తి కావడానికి పది రోజులు పడుతుంది. ఆ తర్వాత ఇద్దరు నటుల్ని కూర్చోబెట్టి ఇంకో పది రోజులు బల్ల దగ్గరే చదివించండి. మీరు రాసుకున్నది వాళ్లకు చూపించకండి, ప్రశ్నలు మాత్రమే వేయండి. వాళ్ల జవాబు మీదానికంటే బాగుంటే మీది చెరిపేయండి. బాగా లేకపోతే ఇంకో ప్రశ్న వేయండి.

ఈ పద్ధతి పాతదని కొందరు వెక్కిరిస్తారు. మొదటి రోజే లేచి నిలబడాలి, ఇంప్రొవైజేషన్ (స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు అల్లుకుని ఆడటం) చేయాలి, 'అసలు ఈ నాటకం పుట్టిందే అలా కదా' అంటారు. పుట్టింది అలాగే. కానీ దాన్ని పుట్టించిన ఇద్దరి జేబుల్లో పాస్‌బుక్కులు ఉన్నాయి, వాళ్లతో పనిచేసినవాళ్లు ఆ ద్వీపంలో ఉన్నారు. పరీక్షలు రాసి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాళ్లను ఖాళీ గదిలో వదిలి 'జైల్లో ఉన్నట్టు ఊహించండి' అంటే వాళ్లు సినిమాలో చూసిన జైలునే తెస్తారు. అరగంటలో ఒకడు ఊచలు పట్టుకుని ఏడుస్తాడు. ఇక మొదటి రోజే 'నువ్వు ఇక్కడి నుంచి అక్కడికి నడు' అని మూవ్‌మెంట్లు చెప్పేసే పరిషత్తు పద్ధతి సంగతి: నాలుగు రోజుల్లో నాటిక లేచి నిలబడుతుంది, నిజమే. లేచి నిలబడినచోటే చివరిదాకా నిలబడిపోతుంది.

ఇసుక

నాటకం మాటలతో మొదలుకాదు. సైరన్ తర్వాత ఇద్దరూ ఇసుక తవ్వుతుంటారు. ఒక్కొక్కరు వంతులవారీగా ఒంటి చక్రం బండి నింపి, కష్టపడి తోసుకెళ్లి రెండోవాడు తవ్వుతున్నచోట కుమ్మరిస్తారు. కుప్ప తరగదు, గొయ్యి నిండదు. ఇసుక, పార, బండి ఏవీ వేదిక మీద ఉండవు. అన్నీ అభినయమే.

మీ పుస్తకంలో దీనికీ ఒక పేజీ ఉండాలి. మాటలు లేవు కాబట్టి కోరికలు లేవనుకోవద్దు. నా కష్టం మొత్తం నీ నెత్తిన పోస్తున్నాను, నీ కష్టం నా నెత్తిన. ఒక్క మాట లేకుండా ఇద్దరు స్నేహితుల్ని ఒకరికొకరు శిక్షగా మార్చేసే ఏర్పాటిది. తలెత్తి చూసుకునే రెండు మూడు చూపులు ఎక్కడెక్కడో నిర్ణయించండి. ఒకటి జాలి, ఒకటి అసహ్యం. మిగతా సమయమంతా చూపు ఇసుక మీదే.

సాధనకు ముందు ఇద్దర్నీ ఇల్లు కట్టేచోటికి తీసుకెళ్లి మేస్త్రీని బతిమాలి ఒక పూట నిజంగా ఇసుక ఎత్తించండి. తడి ఇసుక, పొడి ఇసుక రెండూ. పార దిగేటప్పుడు మోకాలు ఎక్కడ వంగుతుందో, నిండిన బండి పైకెత్తేటప్పుడు ఊపిరి ఎప్పుడు ఆగుతుందో, కుమ్మరించాక ఖాళీ బండి చేతుల్లో ఎలా ఎగురుతుందో ఒంటికి తెలుస్తుంది. మర్నాడు ఖాళీ చేతులతో అదే చేయించండి. బరువు బండిది, ముఖానిది కాదు. ముఖం వంకర్లు తిప్పే నటుడిని వెనక్కి తిరిగి తవ్వమనండి. వీపు అబద్ధం చెప్పలేదు.

ఎంతసేపు? ఎనిమిది నిమిషాలకు తగ్గకూడదు, పదైతే మంచిది. రెండో నిమిషంలో ప్రేక్షకులు కథ కోసం చూస్తారు. నాలుగో నిమిషంలో దగ్గుతారు, ఎవరో నవ్వుతారు, వెనక వరుసలో ఫోన్లు వెలుగుతాయి. ఆరో నిమిషం తర్వాత హాలు నిశ్శబ్దమవుతుంది. ఆ నాలుగో నిమిషానికి భయపడి మధ్యలో సంగీతం పెట్టే దర్శకులున్నారు. పెట్టకండి. వేణువు అసలే వద్దు.

తర్వాత ఇద్దరినీ చేతులకు, కాళ్లకు కలిపి బంధించి పరుగెత్తించే భాగం ఉంది. గుడ్డ తాడు వాడండి, మొదట నడిపించి తర్వాత పరుగు నేర్పండి. చెమటతో తడిసిన వేదిక మీద వట్టి కాళ్లు జారతాయి కాబట్టి పక్కన ఒక మనిషిని కాపలా పెట్టండి. కావలివాడు హొడోషే ఎక్కడా కనిపించడు. దెబ్బ తగిలినవాడి ఒంట్లోనే అతను కనిపించాలి. వాడి కోసం మూడో నటుడికి ఖాకీ బట్టలు తొడిగి లాఠీ ఇచ్చారంటే ఇప్పటిదాకా చేసిన పని అంతా బూడిదే.

నటులు, గది, లైట్లు

ఎంపికలో గొంతు చూడకండి, వినే ముఖం చూడండి. ఆఖరి ప్రసంగం చదివించి వేషాలిచ్చేవారు ప్రసంగించేవాణ్నే పొందుతారు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకడి చేత ఏదైనా చెప్పించి, రెండోవాణ్ని చూడండి. ఒకరి పక్కన ఒకరు తేడాగా కనిపించే జంటను తీసుకోండి. ఇద్దరు అమ్మాయిలతో చేయవచ్చా అని అడుగుతారు. ఈ నాటకం వరకు వద్దు. మగవాడు ఆడవేషం వేయడంలో పడే సిగ్గు మీదే సగం కథ నడుస్తుంది.

గదిని నేల మీద సుద్దతో గీయండి. చిన్నగా గీయండి. ఇద్దరు పక్కపక్కన పడుకుంటే మధ్య ఒక జాన మిగలాలి. రిహార్సలు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఆ గీత దాటితే ఆపేయండి. విశాలమైన వేదిక దొరికింది కదా అని గదిని పెంచే కోరికను చంపుకోండి. లైట్లు తెల్లవి, పగలుకు ఒకటి, రాత్రికి ఒకటి. మొదటి వాక్యంలో చెప్పిన ఎర్ర లైటును ఇంటికి పంపేయండి.

జాన్ రేకు మగ్గును ఫోనులా పట్టుకుని ఊళ్లోని స్నేహితుడితో మాట్లాడే ముక్కకు విడిగా ఒక రోజు కేటాయించండి. అవతలి గొంతు వినిపించదు. కాబట్టి అవతలివాడి మాటలన్నీ కాగితం మీద రాసి, సాధనలో మీరే చదవండి. వారం తర్వాత చదవడం మానేయండి. జాన్ వినడం మానకూడదు. ఆ సమయంలో మగ్గుకు దగ్గరగా చెవి పెట్టాలని విన్‌స్టన్‌కు ఎంత ఆశగా ఉంటుందో మరిచిపోకండి. ఫోనులో ఉన్నది అతని ఊరు కూడా.

ప్రదర్శన రోజు

ఇక్కడ పోట్లాట తప్పదు. మన సభల్లో ముందు జ్యోతి ప్రజ్వలన, తర్వాత ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు, జ్ఞాపికలు, ఆపైన 'ఇప్పుడు మన విద్యార్థులు ప్రదర్శించబోయే చక్కటి నాటిక' అని మైకులో ఒక పరిచయం. ఇదంతా అయ్యాక సైరన్ మోగితే ఎవరో పొరపాటున నొక్కారనుకుంటారు. సన్మానాలను వేరే పూటకు మార్పించండి. కుదరకపోతే వాటికీ నాటకానికీ మధ్య పావుగంట హాలు ఖాళీ చేయించండి.

ముఖ్య అతిథిని, ప్రిన్సిపాల్‌ను మాత్రం ముందు వరుసలో సోఫాల మీదే కూర్చోబెట్టండి. ఆఖరి దృశ్యంలో జాన్ ముందుకు వచ్చి జైలు అధికారులను, కావలివాళ్లను సంబోధించి కచేరీ నాటకాన్ని పరిచయం చేస్తాడు. ఆ సంబోధన సూటిగా సోఫాల వైపే వెళ్లాలి, మర్యాదగా, నమస్కారంతో సహా. ఆ క్షణం దాకా నాటకం చూస్తున్నవాళ్లు ఇప్పుడు నాటకంలో జైలర్లు. ఈ సంగతి వాళ్లకు ముందుగా చెప్పకండి. మీ నటుడికి నవ్వు రాకుండా ఖాళీ సోఫాలతో వారం ముందు నుంచే సాధన చేయించండి.

ఈ ఒక్క దృశ్యంలోనే ప్రేక్షకుల వైపు తిరిగి మాట్లాడే హక్కు నటుడికి ఉంది, అది కూడా పాత్ర అలా మాట్లాడుతోంది కాబట్టి. అప్పటిదాకా ఇద్దరి చూపులూ ఒకరి మీద ఒకరికి ఉంటేనే ఈ తిరగడానికి విలువ. విన్‌స్టన్ విగ్గు పీకేసి తన గొంతుతో చివరి మాటలు చెప్పే చోట వేగం పెంచవద్దు, పిడికిలి వద్దు. అప్పుడతను జాన్‌తో మాట్లాడటం లేదు, క్రియాన్‌తోనూ కాదు. కానీ జాన్ పక్కనే నిలబడి వింటున్నాడు, మూడు నెలల్లో వెళ్లిపోతాడు. ఆ వినడాన్ని కూడా మీ పుస్తకంలో ఒక ముక్కగా రాసి ఉంచారా? లేకపోతే ఇప్పుడు రాయండి.

మళ్లీ బంధించుకుని పరుగు, సైరన్, చీకటి. లైట్లు వేయగానే వ్యాఖ్యాత మైకు పట్టుకుని పాత్రధారుల పేర్లు, దర్శకుడి పేరు, మేకప్ ఎవరు, సహకారం ఎవరు అని చదవడం మొదలుపెడతాడు. ఆ మైకును ముందే ఆఫ్ చేయించి, పేర్లన్నీ ఒక కాగితం మీద అచ్చువేయించి గేటు దగ్గర పంచండి.